మందుల చీటీ వెళ్లిన దారి

నంద్యాల జిల్లాగా ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌గా అక్కడికి బదిలీ చేశారు. రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్లు కూడా లేవు. నంద్యాల పట్టణంతో పాటు ఆళ్లగడ్డ వైపు మండలాలు నా పరిధిలోకి వచ్చాయి. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ అనగానే గంజాయి పట్టుకునే పోలీసు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా పని మందుల షాపులతో. లైసెన్సు గోడకు తగిలించి ఉందా, ఫార్మసిస్టు షాపులో ఉన్నాడా, కొన్న మందుకూ అమ్మిన మందుకూ బిల్లులు ఉన్నాయా, చల్లగా ఉంచాల్సినవి ఫ్రిజ్‌లోనే ఉన్నాయా అని చూడటం, అనుమానం వస్తే శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపడం. ముప్పై ఏళ్లు ఇదే చేశాను. మందు మంచిదా కాదా అన్నదే ఎప్పుడూ నా ప్రశ్న. ఆ మందు ఫలానా మనిషి వాడుతున్నట్లు ఇంకెవరికి తెలుస్తోంది అన్న ప్రశ్న నేను నింపే తనిఖీ ఫారంలో ఎక్కడా లేదు.

ఆగస్టులో ఒక సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ ఒకటి మా ఆఫీసుకు వచ్చింది. రాసినతని పేరు డేవిడ్. ఆళ్లగడ్డ, అహోబిలం మధ్య జీపు నడుపుతాడు. అతని భార్య ఎస్తేరు రాణి ఆళ్లగడ్డలోనే ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతుంది. ఆమెకు చిన్నప్పటి నుంచి ఫిట్స్ జబ్బు. మాత్రలు మానకుండా వేసుకుంటుంది కాబట్టి ఏడేళ్లుగా ఒక్కసారి కూడా రాలేదు. ఇంట్లోవాళ్లకు తప్ప సంగతి ఎవరికీ తెలియదు.

జూలైలో ఒకరోజు డేవిడ్ జీపు నిండా జనంతో అహోబిలం వెళ్తుండగా ఫోను మోగింది. చేతులు స్టీరింగు మీద ఉన్నాయి కాబట్టి అలవాటుగా స్పీకరు నొక్కాడు. అవతల ఎవరో మర్యాదగా మాట్లాడాడు. ఎస్తేరు రాణి గారి ఇంటివాళ్లేనా అని అడిగి, ఆమె ఫిట్స్‌కు వాడుతున్న మాత్రలు ఈ వారంలో అయిపోతాయనీ, తమ దగ్గర ఆ జబ్బును శాశ్వతంగా నయం చేసే వైద్యం ఉందనీ చెప్పాడు. డేవిడ్ ఫోను కట్టేసేలోగా జీపులో అందరూ విన్నారు. వాళ్లలో ఇద్దరు ఎస్తేరు చదువు చెప్పే పిల్లల తల్లిదండ్రులు. మూడో రోజున స్కూలు కరస్పాండెంటు ఆమెను పిలిచి, పిల్లల ముందు పడిపోతే బాధ్యత ఎవరిదని అడిగి, క్లాసుల నుంచి తప్పించి ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు.

డేవిడ్ అర్జీలో పెట్టిన పేరు ఖాదర్ బాషాది. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర పాత మెడికల్ షాపు ఆయనది. ఎస్తేరు పదకొండేళ్లు అక్కడే మందులు కొన్నది. ఊర్లో ఇంకెవరికీ తెలియని సంగతి బయటికి పొక్కిందంటే ఆయన చెప్పి ఉండాల్సిందేనని డేవిడ్ నమ్మాడు. అర్జీ పెట్టేముందే షాపు ముందు నిలబడి నానా మాటలు అన్నాడు. ఆ రోజు నుంచి ఆ షాపుకు పోయేవాళ్లు తగ్గారు. లైసెన్సు రద్దు చేయాలన్నది అర్జీలో చివరి వాక్యం.

రెండు రోజుల తర్వాత ముందుగా చెప్పకుండా ఆళ్లగడ్డ వెళ్లాను. ఖాదర్ బాషాకు అరవై దాటాయి. ఫార్మసీ చదివింది ఆయనే, కౌంటరులో నిలబడేదీ ఆయనే. లైసెన్సు, కొనుగోలు బిల్లులు, ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాసే పుస్తకం అన్నీ సరిగ్గా ఉన్నాయి. కొన్ని రకాల మందులకు షెడ్యూల్ హెచ్‌1 అనే ప్రత్యేక రిజిస్టరు ఉంటుంది. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది అందులో రాసి మూడేళ్లు దాచాలి. చాలా షాపుల్లో అది కౌంటరు మీద, పెన్ను కింద పడి ఉంటుంది. చేయి చాపితే ఎవరైనా చదవొచ్చు. ఈయన దాన్ని, బిల్లు పుస్తకాలను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

ఎస్తేరు బిల్లులు చూపించమన్నాను. ఆయన వెంటనే తీయలేదు. “కాగితం మీద రాసియ్యండి మేడమ్,” అన్నాడు. తనిఖీ అధికారికి చూపడం ఆయన బాధ్యత. ఆ సంగతి ఆయనకు తెలుసు, తెలుసని చెప్పాడు కూడా. ఎవరి బిల్లు, ఎవరు అడిగితే, ఎందుకు తీశాడో రేపు తన దగ్గర రాత ఉండాలన్నాడు. రాసిచ్చాను. అప్పుడు కౌంటరు దగ్గర నిలబడ్డ ఇద్దరికీ మందులిచ్చి పంపి, షట్టరు సగం దించి, బీరువా తెరిచాడు.

బిల్లులు తిరగేస్తూ ఏప్రిల్ దగ్గర ఆగిపోయాను. ఎస్తేరు పేరుతో చివరి బిల్లు ఏప్రిల్‌ది. ఆ తర్వాత లేదు. ఫోను వచ్చింది జూలైలో, అదీ ఈ వారంలో మాత్రలు అయిపోతాయన్న కచ్చితమైన లెక్కతో. ఏప్రిల్ తర్వాత ఈ షాపులో కొనని మనిషి మాత్రలు ఎప్పుడు అయిపోతాయో ఈయనకు తెలిసే వీలు లేదు. పదిమంది ముందు డేవిడ్ తిడుతున్నప్పుడు ఆ ఒక్క ముక్క అని ఉంటే గొడవ అక్కడికక్కడే తేలిపోయేది. ఎందుకు చెప్పలేదని అడిగాను.

ఆయన బిల్లు పుస్తకం మూసి నా వైపు చూశాడు. “మూడు నెలలుగా ఆయమ్మ నా దగ్గర కొంటాలేదు అంటే, అంతకుముందు కొనేదని నేనే చెప్పినట్లు కదా మేడమ్. అంతమంది ముందర ఎట్లా అంటా?”

నిర్దోషి అని చూపే కాగితం బీరువాలో ఉంచుకుని, దాన్ని తీస్తే ఆమె రహస్యం బయట పడుతుందని మాట్లాడకుండా తిట్లు తిన్న మనిషిని ముప్పై ఏళ్ల సర్వీసులో నేను చూడలేదు. ఆయన మాత్రం అందులో పెద్ద సంగతేమీ ఉన్నట్లు మాట్లాడలేదు. షట్టరు పైకి నెట్టి, తర్వాత వచ్చినవాళ్ల చీటీ అందుకున్నాడు. చీటీని మనసులోనే చదువుకుంటాడు. మందు పేరు పైకి అనడు. మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో కవరు మీద రాసిస్తాడు గానీ నోటితో చెప్పడు. ఆ పద్ధతి ఏ నిబంధనలోనూ లేదు.

వస్తూ వస్తూ, మీ మీద ఆరోపణ నిరూపణ కాలేదని రిపోర్టు రాస్తానన్నాను. ఆయన తల ఊపి అడిగాడు. “నిరూపణ కాలేదంటే చేయలేదని కాదు కదా మేడమ్? చెప్పనిదానికి సాక్షిని యాడ తెచ్చేది?”

అదే మధ్యాహ్నం ఎస్తేరు వాంగ్మూలం తీసుకోవడానికి వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె సన్నగా, నిదానంగా మాట్లాడే మనిషి. ఏప్రిల్ తర్వాత మందులు ఎక్కడ కొంటున్నారని అడిగితే, ఒక ఆన్‌లైన్ యాప్‌లో తెప్పించుకుంటున్నానని చెప్పింది. బస్టాండు దగ్గర షాపు కాబట్టి ఎప్పుడు వెళ్లినా ఏదో ఒక పిల్లవాడి తల్లో తండ్రో ఎదురవుతారు. ఖాదర్ బాషా నోరు విప్పడని తెలుసు, కానీ కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్ల కళ్లకు అడ్డం ఎవరూ పెట్టలేరు. యాప్‌లో అయితే చీటీ ఫోటో తీసి పంపితే అట్టపెట్టె ఇంటికి వస్తుంది, ఎవరూ చూడరు అనుకుంది. ఆ విషయం భర్తకు తెలుసు. అయితే యాప్‌కు చీటీ పంపడమంటే ఒక మనిషికి చెప్పడమేనని వాళ్లిద్దరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ పూర్తిగా తోచలేదు.

ఆమె నన్ను ఒక్క ప్రశ్న అడిగింది. “నా జబ్బు మూడు చోట్ల తెలుసు మేడమ్. నంద్యాల డాక్టరు క్లినిక్కు, బాషా అన్న షాపు, ఈ యాప్. మూడూ మీరు చూస్తారా?”

క్లినిక్కు నా పరిధి కాదన్నాను. యాప్ కంపెనీ ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉంది. ఇంటర్నెట్‌లో మందుల అమ్మకానికి ప్రత్యేక నిబంధనలు అప్పటికి ముసాయిదాగానే ఉన్నాయి. నేను చూడగలిగింది ఒక్క షాపునే అని చెప్పాల్సి వచ్చింది. “సరే మేడమ్, నేను చూస్తా,” అంది. మాటవరసకు అన్నదనుకుని వచ్చేశాను. రిపోర్టు పంపించి వేరే పనుల్లో పడ్డాను.

అక్టోబరు మొదటి వారంలో ఆమె నంద్యాల ఆఫీసుకు వచ్చింది. చేతిలో చదరపు గళ్ల నోటు పుస్తకం, పాత ఫోను ఒకటి ఉన్నాయి. కూర్చోమన్నాను. నేను వెళ్లిన తర్వాత ఈ నెలన్నరలో చేసిన పని వరుసగా చెప్పింది.

అంతకుముందు మూడు చోట్లా భర్త నంబరే ఇచ్చేది. అందువల్ల ఫోను ఎక్కడి నుంచి వచ్చిందో తేలే దారి లేదు. అందుకని మూడు చోట్లా మూడు నంబర్లు ఇచ్చింది. క్లినిక్కుకు వెళ్లి నంబరు మారిందని దొర్నిపాడులోని తల్లి నంబరు రాయించింది. డేవిడ్ అహోబిలం ట్రిప్పులో ఉన్నప్పుడు ఖాదర్ బాషా షాపుకు వెళ్లి, ఒక నెల మందులు అక్కడ కొని, కొలిమిగుండ్లలో ఉన్న చెల్లెలి నంబరు ఇచ్చింది. భర్త తిట్టిన షాపు మెట్లే ఎక్కి వెళ్లింది. ఆయన ఒక్క మాట అడగకుండా నంబరు రాసుకుని మందులిచ్చాడట. యాప్‌కు మాత్రం కొత్తగా ఒక సిమ్ తీసుకుని ఆ నంబరు ఇచ్చింది. ఆ నంబరు లోకంలో ఇంకెవరికీ ఇవ్వలేదు. డేవిడ్‌కు కూడా.

“అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది మేడమ్,” అంది. “సిమ్ అమ్మినోళ్ల దగ్గర్నుంచే నంబరు పోయిందంటే? అందుకని యాప్‌లో నా వయసు మార్చినా. నాకు ముప్పై ఎనిమిది. ఆడ నలభై ఏడు అని రాసినా. డాక్టరు చీటీలో, షాపులో, యాడా నలభై ఏడు లేదు.”

ఐదు వారాలు దాటేదాకా తల్లికీ చెల్లెలికీ రోజూ ఫోను చేసి, కొత్తవాళ్లెవరైనా చేశారా అని అడిగి పుస్తకంలో గడి నింపుకుంది. రెండు వరుసలూ చివరిదాకా సున్నాలే. మూడో వరుసలో ఆరో వారం మంగళవారం ఒక అంకె ఉంది. ఆ రోజు కొత్త సిమ్‌కు ఫోను వచ్చింది. ఆమె మాటలు రికార్డు చేసి పెట్టింది. పాత ఫోనులో నాకు వినిపించింది. అవతలివాడు ఫిట్స్ గురించీ తమ వైద్యం గురించీ చెబుతున్నాడు. ఆమె గొంతు తొణకలేదు. “నా వయసు ఎంతని రాసుందండీ మీ దగ్గర?” అని అడిగింది. కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. “నలభై ఏడు కదా మేడమ్,” అన్నాడు వాడు.

నా ఉద్యోగంలో శాంపిల్ తీయడానికి ఒక కట్టుదిట్టమైన పద్ధతి ఉంది. మందును భాగాలు చేసి, ఒక్కొక్కటి వేరుగా సీలు వేసి, ఒకటి ల్యాబ్‌కు, ఒకటి కోర్టుకు, ఒకటి అమ్మినవాడికి ఇస్తాం. ఎవరి దగ్గర తేడా జరిగినా తెలియాలన్నది దాని ఉద్దేశం. శిక్షణలో దాన్ని నేర్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఈమె క్లాసులు పీకేసి కూర్చోబెట్టిన ఆఫీసు గదిలో ఉండి, ఎవరూ చెప్పకుండా, తన జబ్బునే శాంపిల్‌గా పెట్టి ఆ పని చేసింది. అంతా విన్నాక నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో ఆమెకు అర్థం కాక తనూ లేచింది.

ఇంత కష్టం దేనికి పడ్డావమ్మా అని అడిగాను. ఆమె సంగతి ఎలాగూ ఊరంతా తెలిసిపోయింది. ఇది తేల్చినా అది వెనక్కి రాదు.

“నాది పోయింది మేడమ్. బాషా అన్న పేరన్నా నిలబడాల కదా.”

యాప్ నా పరిధిలో లేకపోయినా, పార్సిల్‌లో వచ్చిన బిల్లు నా పరిధిలోనే ఉంది. యాప్‌లో ఆర్డరు పెట్టినా, మందు ఏదో ఒక లైసెన్సు ఉన్న షాపు నుంచే రావాలి. ఎస్తేరు బిల్లు మీద ఉన్న లైసెన్సు నంద్యాలలోని ఒక షాపుది. వారంలోగా ఇద్దరు వీఆర్వోలను పంచులుగా, అంటే మధ్యవర్తి సాక్షులుగా, వెంటబెట్టుకుని వెళ్లాను. ముందు చిన్న కౌంటరు, వెనక పొడుగాటి గోదాము. ఫార్మసిస్టు లేడు. అతను ముందే సంతకాలు పెట్టి ఉంచిన ఖాళీ బిల్లులు మాత్రం ఉన్నాయి. లోపల బల్ల మీద కంప్యూటరు, దాని ముందు ప్యాకింగు సూపర్‌వైజరు.

తెర మీద ఒక పట్టీ ఉంది. పేరు, వయసు, ఊరు, ఫోను నంబరు, మందు, అది అయిపోయే తేదీ. అంతవరకు పార్సిళ్లు పంపడానికని అనుకోవచ్చు. దాని పక్కన జబ్బు పేరున్న చివరి గడి మాత్రం యాప్ ఇచ్చింది కాదు. సూపర్‌వైజరు కూర్చుని తన చేత్తో నింపింది. ఫార్మసీ కోర్సు సగంలో ఆపేసిన మనిషి కాబట్టి మందును బట్టి జబ్బు చెప్పగలడు. సుగర్, ఫిట్స్, టీబీ, మనసు జబ్బు, పిల్లలు పుట్టడానికి, పుట్టకుండా ఉండటానికి. ఊరి తర్వాత ఊరు కిందికి కదులుతూనే ఉంది. జిల్లా అంతా బట్టలు విప్పి ఒక గదిలో నిలబడినట్లు అనిపించింది. ఒక వీఆర్వో నా భుజం మీదుగా చూసి, “మా ఊరోళ్లు ఉండారు మేడమ్,” అన్నాడు మెల్లగా. నేను తెర గోడవైపు తిప్పేశాను.

వారానికోసారి ఆ పట్టీని ఒక ఏజెంటుకు పంపేవాడినని సూపర్‌వైజరు ఒప్పుకున్నాడు. ఏజెంటు దాన్ని ఇలాంటి వైద్యాలు అమ్మేవాళ్లకు చేరవేస్తాడు. సూపర్‌వైజరు ముఖంలో భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది. “నేను ఒక్క మాత్ర కూడా దొంగతనం చేయలేదు కదా మేడమ్,” అన్నాడు. నేను అమలు చేసే చట్టం ప్రకారం అతను చెప్పింది నిజమే. మాత్రల లెక్క సరిపోయింది.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. పంచనామాలో, అంటే అక్కడ చూసింది చూసినట్లు రాసి పంచుల చేత సంతకం చేయించే కాగితంలో, పట్టీ ప్రింటు జతచేయాలి. దాని నకళ్లు మా పై అధికారికి, పోలీసులకు, కోర్టుకు, ఎదుటి పక్షానికీ వెళ్తాయి. రహస్యం పోయిందని కేసు పెట్టడానికి ఆ రహస్యాన్నే ఇంకో పది చేతులకు ఇవ్వాలి. అలాగని ఒక్క పేరైనా లేకుండా కేసు నిలబడదు. గోదాము బయటికి వచ్చి ఎస్తేరుకు ఫోను చేసి ఉన్నదున్నట్లు చెప్పాను. పేరు రాస్తే అది కోర్టు కాగితాల్లో ఎప్పటికీ ఉంటుందన్నాను. ఆలోచించుకుని రేపు చెప్పమన్నాను.

ఆమె రేపటిదాకా ఆగలేదు. “ఒక పేరుంటే చాలంటే నాది రాయండి మేడమ్. మిగతావాళ్లవి మూసేయండి.”

అలాగే చేశాను. ఆమె వరుస ఒక్కటే ప్రింటు తీసి జతచేశాను. కంప్యూటరులోని డిస్కును పంచుల ముందే కవరులో పెట్టి, లక్కతో సీలు వేసి, కోర్టు ఆదేశం లేకుండా తెరవరాదని రాసి, పైన వాళ్లిద్దరి చేత సంతకాలు పెట్టించాను. మిగతా పేర్లను నేను మళ్లీ చూడలేదు.

లైసెన్సు ఇచ్చేదీ ఆపేదీ మా సహాయ సంచాలకులు. ఫార్మసిస్టు లేకుండా మందులు ఇచ్చారనీ, ఖాళీ బిల్లుల మీద ముందే సంతకాలు చేయించారనీ ఆయన ఆ షాపుకు నోటీసు ఇచ్చి, కొన్నాళ్లు లైసెన్సు ఆపారు. రోగి వివరాలు బయటికి పంపారన్నదానికి మా చట్టంలో సూటిగా పెట్టగలిగిన క్లాజు నాకు దొరకలేదు. ఆ భాగాన్ని పోలీసుల సైబర్ విభాగానికి అప్పగించాం. నేను రిటైరయ్యేనాటికి ఆ కేసు నడుస్తూనే ఉంది. యాప్ కంపెనీ, వినియోగదారుల గోప్యతకు తాము అత్యంత ప్రాధాన్యం ఇస్తామని ఒక పేజీ ఉత్తరం రాసి, ఆ షాపుతో ఒప్పందం రద్దు చేసుకుంది. పట్టీలో ఉన్నవాళ్లకు వాళ్లు తెలియజేశారో లేదో నాకు తెలియదు. తెలియజేయమని నేను రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు.

ఖాదర్ బాషా మీద అర్జీని ఈసారి నిరూపణ కాలేదని రాయలేదు. ఆరోపణ నిజం కాదని తేలింది అని రాసి, నకలు స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను. డేవిడ్ కూడా నాతో వచ్చాడు. తాను తిట్టినచోటే, జనం ఉండగానే క్షమాపణ చెప్పాలన్నది అతని పట్టుదల. “అన్నా, ఆ పొద్దు నా భార్య మందుల గురించి నిన్ను...” అని మొదలుపెట్టాడో లేదో, ఖాదర్ బాషా చేయి అడ్డం పెట్టాడు. “ఏం మందులప్పా? నాకేం తెలీదు. ఎండన పడి వచ్చినావు, కూర్చో, నీళ్లు తాగు.” డేవిడ్ కూర్చుని నీళ్లు తాగాడు. ఊరంతా తెలిసిన సంగతి ఆ కౌంటరు మీద మాత్రం ఆ రోజు కూడా పడలేదు.

ఎస్తేరు డిసెంబరులో తిరిగి క్లాసుకు వెళ్లింది. కరస్పాండెంటు మనసు మారిందని నేను అనుకోను. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి, ఇంకో లెక్కల టీచరు దొరకలేదు. మొదటి రోజు ఆమె పిల్లలకు తన జబ్బు సంగతి తానే చెప్పిందట. నాకు ఫిట్స్ వస్తే పక్కకు పడుకోబెట్టండి, చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ దూర్చొద్దు, గడియారం చూసి ఎంతసేపు వచ్చిందో రాసుకోండి అని బోర్డు మీద రాసి, దాన్ని తుడిచేసి పాఠం మొదలుపెట్టిందని డేవిడ్ చెప్పాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో మిగిలిన నెలల్లో నేను తనిఖీ చేసిన ప్రతి షాపులో రెండు ప్రశ్నలు అదనంగా అడిగాను. రోగి పేరున్న కాగితం గానీ తెర గానీ ఈ షాపులో ఎంతమంది చూస్తారు, పని అయ్యాక అది ఎక్కడికి పోతుంది. ఫారంలో వాటికి గడి లేదు కాబట్టి జవాబులు మార్జిన్‌లో రాశాను. చాలామంది దగ్గర జవాబు లేదు. మందు నాణ్యత ల్యాబ్‌లో తేలుతుంది. రోగి రహస్యం నిలిచిందా లేదా అన్నది చెప్పే ల్యాబ్ లేదు. అది చీటీ పట్టుకున్న ప్రతి మనిషి మీదా ఆధారపడుతుంది, ఆ మనుషులను ఒక్కొక్కరినీ లెక్కపెట్టాల్సిన బాధ్యత తనిఖీ అధికారిదే. సర్వీసు చివర్లో నేను నేర్చుకున్నది ఇది. ముప్పై ఏళ్ల ముందే నేర్చుకుని ఉండాల్సింది.